ల్యాంపు రూము వెంకటప్పయ్య ఆడిన ఆట

కొత్తగూడెం బొగ్గుబావుల క్వార్టర్లలో వెంకటప్పయ్య ఇల్లెక్కడ అని అడిగితే ఏ వెంకటప్పయ్య అని ఎదురు అడుగుతారు. ల్యాంపు రూము వెంకటప్పయ్య అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. బావిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం అందించడం, పైకి వచ్చాక దాన్ని తిరిగి తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆయన ఉద్యోగం. ఒక్కో దీపానికి ఒక్కో నంబరు, ఒక్కో జాగా. ఆ జాగా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. ఖాళీలన్నీ నిండేదాకా వెంకటప్పయ్య ఆ గది వదిలి రాడు. డ్యూటీ అయిపోయినా, తరువాతి షిఫ్టు మనిషి వచ్చి "నేను చూసుకుంట గానీ పోవే అన్నా" అని పంపబోయినా కదలడు. తన చేత్తో ఇచ్చిన దీపం తన చేతికే రావాలి.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. సాయంత్రం కోళ్ళగంప మూసే ముందు వంగి లోపలికి చూసేవాడు. గుమ్మం ముందు చెప్పులు చూసి, ఒక జత తక్కువైతే అన్నానికి కూర్చునేవాడు కాదు. ఒకసారి భద్రాచలంలో రాములవారి కల్యాణం చూసి వస్తుంటే, పాల్వంచలో బీడీల కోసం దిగిన ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కలేదని బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు తిట్టాడు, కండక్టరు తిట్టాడు. చివరికి ఆ మనిషి తాపీగా వచ్చి, "నేను ఈడనే దిగేటోణ్ణి కదనే" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. పక్కన కూర్చున్న భార్య సుబ్బరత్నం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆమెది సత్తుపల్లి వైపు పల్లె. ఆయనది మధిర దగ్గర మిరపచేలు ఉన్న కుటుంబం. అన్నలిద్దరూ వ్యవసాయానికి సరిపోతే, ఈయన మేనమామను పట్టుకుని బొగ్గుబావిలో చేరాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో సుబ్బరత్నానికి ఆయన పద్ధతి ఒకటి చిత్రంగా ఉండేది. గుమ్మంలో కాలు పెట్టగానే "రత్నం" అని పిలిచేవాడు. వంటింట్లోంచి ఆమె "ఉన్నా" అనాలి. అంతే. ఇంకేమీ అడిగేవాడు కాదు. ఎదురుగా కనిపిస్తున్నా పిలిచేవాడు. "కనపడుతూనే ఉన్నాగా" అని ఆమె విసుక్కుంటే, "కనపడటం వేరు, పలకటం వేరు" అనేవాడు. పోనుపోను ఆమెకూ అలవాటై, బొగ్గుల పొయ్యి ఊదుకుంటూ పొగలోంచే "ఉన్నా" అనేది. కొడుకు పున్నయ్యకు మాటలు వచ్చాక వాడూ గొంతు కలిపేవాడు. తాత పేరు బసవపున్నయ్య అని పూర్తిగా పెట్టారు గానీ, వాడికి ఆ పేరు పొడుగైపోయిందని ఎప్పుడూ గొడవే.

పున్నయ్య బావిలో దిగనన్నాడు. డిగ్రీ అయ్యాక కంప్యూటరు నేర్చుకుని, టేకులపల్లి పక్క తండా నుంచి వచ్చిన హీరాలాల్ అనే స్నేహితుడితో కలిసి బస్టాండు దగ్గర చిన్న సెంటరు పెట్టాడు. పొద్దున పూట టైపింగూ, పాఠాలూ. సాయంత్రం కాలేజీ పిల్లలు వచ్చి ఆటలు ఆడుకునేవారు. వానాకాలంలో పినపాక వైపు ఎవరికో కంప్యూటరు బిగించడానికి వెళ్ళి, అక్కడే కొన్నాళ్ళు పడుకుని వచ్చాడు. వచ్చాక జ్వరం. మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. దవాఖానాలో చేర్చిన రెండోనాటికి మాట పోయింది.

ఆ మధ్యాహ్నం ల్యాంపు రూముకు కబురు వెళ్ళింది. మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వస్తున్న సమయం. వెంకటప్పయ్య ఒక్కో దీపం తీసుకుని దాని జాగాలో పెట్టాడు. అన్నీ వచ్చాయి, ఒకటి రాలేదు. దస్రు అనే మనిషిది. ఇంకో మనిషికి అప్పగించి వెళ్ళమని అక్కడున్న అందరూ చెప్పారు. ఈయన వెళ్ళలేకపోయాడు. బావి లోపల వెతికించాడు. చివరికి తేలిందేమిటంటే, దస్రు ఇంటికి దగ్గర దారని బావికి రెండో వైపున్న దారి, రెండో మొగదల నుంచి బయటికి వచ్చి, దీపం అక్కడ ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిశాక వెంకటప్పయ్య సైకిలెక్కి దవాఖానాకు వచ్చేసరికి, సుబ్బరత్నం కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. పిల్లవాడి కళ్ళు అప్పటికే మూసేశారు.

అప్పుడు ఆమె తలెత్తి ఒక మాట అంది. "వేరేవాళ్ళ కొడుకులు పైకొచ్చిందాకా కూర్చున్నారు. మీ కొడుకు కోసం రాలేకపోయారు."

గట్టిగా కూడా అనలేదు. ఆ మాట అన్నాక ఆమె ఏడ్చింది, ఆయన ఏడ్చాడు, చుట్టాలు వచ్చారు, కర్మలు అయ్యాయి. అయితే ఆ రోజు నుంచి వెంకటప్పయ్య గుమ్మంలో "రత్నం" అని పిలవడం మానేశాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, పెట్టినది తిని, తన కంచం తానే కడుక్కునేవాడు. బియ్యం అయిపోతే డబ్బా మూత తీసిపెట్టి ఆమె చెప్పేది. ఆయన చూసి తెచ్చేవాడు. ఆయన కోపంగా ఉన్నా బాగుండేది. దెబ్బలాడుకోవచ్చు. ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా, ఇంట్లో ఉండటానికి తనకు హక్కు లేదన్నట్టు మసలుతున్నాడు. ఆమె ప్రతి సాయంత్రం పొయ్యి దగ్గర చెవి ఒగ్గి కూర్చునేది. గేటు చప్పుడయ్యేది, చెప్పుల చప్పుడయ్యేది. పిలుపు మాత్రం వచ్చేది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని నోటిదాకా వచ్చేది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మింగేసేది.

చలి మొదలయ్యాక ఆయన ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. తాగుడు మొదలైందేమోనని ఆమె భయపడింది. వాసన ఏమీ లేదు. ఒకరోజు పక్క క్వార్టరు సైదమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కదిపింది.

"రత్నమ్మా, ఒక మాట చెప్తా, ఏమనుకోకు. మీ ఆయన బస్టాండు కాడ కంప్యూటర్ దుకాణంల కూసుంటుండట. మావోడు చూసిండు. పోరగాళ్ళ నడుమ కూసోని తుపాకి ఆట ఆడుతుండట."

"ఎవరు, మా ఆయనా?"

"అవ్, మీ ఆయనే. నేను గూడ నమ్మలే. బొద్దింకను కొట్టుమంటె చీపురు నీ చేతికిచ్చేటోడు, తుపాకి పట్టుడేందని మావోణ్ణి రెండు తిట్టిన."

మర్నాడు సుబ్బరత్నం చీర మార్చుకుని బయల్దేరింది. కొడుకు పోయాక ఆ సెంటరు గడప తొక్కలేదు. మెట్లెక్కుతుంటేనే లోపల నుంచి తుపాకీ మోతలూ పిల్లల కేకలూ వినిపించాయి. గదిని ప్లైవుడ్డు అడ్డుతో రెండు భాగాలు చేశారు. అటొక కంప్యూటరు, ఇటొకటి. ఇటువైపు దాని మీద గళ్ళ గుడ్డ కప్పి ఉంది. అది ఆమె పాత చీర. బొగ్గు దుమ్ము పడకుండా కప్పుకోవాలి, అంచు కుట్టిపెట్టు అని పున్నయ్య అడిగితే ఆమే కుట్టి ఇచ్చింది. చేత్తో దాన్ని ముట్టుకుని అలాగే నిలబడిపోయింది.

హీరాలాల్ చూసి గబగబా వచ్చాడు. "పెద్దమ్మా, కూసో" అని స్టూలు జరిపి, గొంతు తగ్గించాడు. "పెద్దనాయిన అటు పక్కన ఉన్నడు. పిలవాల్నా?"

"వద్దు. ఏం చేస్తున్నారో చూస్తా."

ప్లైవుడ్డు చివర సందులోంచి చూసింది. వెంకటప్పయ్య వీపు, ఆయన భుజం మీదుగా తెర. ఇది మన భూమి కాదు, ఎక్కడో చుక్కల్లో ఎర్రటి మట్టి ఉన్న లోకం అని హీరాలాల్ చెవిలో చెప్పాడు. ఆ మట్టి కింద సొరంగాలు తవ్వి మనుషులు పనిచేస్తుంటే పురుగుల్లాంటి ఏవో జీవాలు వచ్చి మీద పడ్డాయట. మనం తుపాకీ పట్టుకుని లోపలికి దిగాలట. తెర మీద మనిషి కనపడడు. రెండు చేతులూ తుపాకీ మాత్రమే కనపడతాయి, అవి మనవే అనుకోవాలి. తుపాకీకి టార్చిలైటు కట్టి ఉంది. వెంకటప్పయ్య మలుపు తిరిగినప్పుడల్లా ముందు ఆ లైటు పైకి ఎత్తి కప్పు చూస్తున్నాడు. తరువాతే అడుగు వేస్తున్నాడు.

"బాయిల నేర్చుకున్న పద్ధతి. ఈ ఆటల కప్పు కూలదు పెద్దనాయినా అని ఎన్నిసార్లు చెప్పిన వినడు" అన్నాడు హీరాలాల్. "పైకి చూసుడల్ల ఆ పురుగులు కింద కాళ్ళు కొరుకుతయి."

కాసేపటికి తెర మీద పసుపు టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు కనిపించాడు. ఆటలోని కాపలావాడు. వాణ్ణి పలకరిస్తే వెంట వస్తాడు. వెంకటప్పయ్య వాణ్ణి వెంటబెట్టుకుని, జాగ్రత్తగా, మలుపు మలుపునా వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాడు. పురుగులు మీదికి వస్తే వాడికి అడ్డంగా తాను నిలబడ్డాడు. చివరికి ఒక లిఫ్టు వచ్చింది. అది ఎక్కి బటన్ నొక్కితే పైకి పోవచ్చు. ఆట ముందుకు పోతుంది. కాపలావాడు లిఫ్టు గడప దగ్గరే ఆగిపోయాడు. వెంకటప్పయ్య దిగి, మళ్ళీ వాణ్ణి పలకరించి, మళ్ళీ ఎక్కాడు. వాడు రాడు. పక్కనున్న కాలేజీ పిల్లవాడు నవ్వాడు.

"తాతా, బటన్ నొక్కు. ఆడు ఆడిదాకే వస్తడు. ఆణ్ణి అట్లనే చేసిన్రు."

"ఉండరా. వస్తాడేమో."

"నిన్న గూడ గట్లనే అన్నవ్."

వెంకటప్పయ్య బటన్ నొక్కలేదు. లిఫ్టులో నిలబడి గడప బయట వాణ్ణి చూస్తూ కూర్చున్నాడు. హీరాలాల్ సుబ్బరత్నాన్ని మెట్ల దాకా తీసుకెళ్ళాడు.

"రోజూ ఇంతే పెద్దమ్మా. పున్నయ్య సామాన్లు తీసుకపోతనని వచ్చిండు మొదట. మా పున్నయ్య ఏం ఆడేటోడు, నాకు చూపియ్యి అన్నడు. చూపించిన. ఇగ అప్పటి సంది రోజూ మొదటి నుంచి మొదలువెడతడు, లిఫ్టు దాకా వస్తడు, ఆగుతడు. నేను దుకాణం బంద్ చేసేదాక ఆడనే."

సుబ్బరత్నం మెట్టు మీద కూర్చుంది. ఆయన పైకి రాలేకపోతున్నది ఎవరి మాట వల్లో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తలెత్తి హీరాలాల్‌ను అడిగింది.

"ఆ టోపీవాడి బదులు నిజం మనిషి ఉంటే లిఫ్టు ఎక్కొచ్చా?"

"ఎక్కచ్చు. రెండు కంప్యూటర్లకు కేబుల్ కలిపి ఉంది. నేను, పున్నయ్య గట్లనే ఆడేటోళ్ళం. ఇద్దరు ఆడితే కాపలావాడు ఉండడు. ఆడి జాగాల, ఆడి బట్టలే ఏసుకోని ఇంకో మనిషి వస్తడు. లిఫ్టు గూడ ఇద్దరు ఎక్కితెనే పైకి పోతది."

"నాకు నేర్పుతావా?"

హీరాలాల్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "రేపు పొద్దుగాల రా పెద్దమ్మా. పోరగాళ్ళు ఉండరు."

అట్లా సుబ్బరత్నం ఆయన మొదటి షిఫ్టుకు వెళ్ళగానే ఇంటికి తాళం వేసి సెంటరుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఎడమచేతి వేళ్ళతో నడవాలి, కుడిచేతి కింది మౌసుతో చూడాలి. నడుస్తూ చూడటం ఆమెకు చేతకాలేదు. చూస్తే నడవలేదు, నడిస్తే చూడలేదు. గోడకు మొహం పెట్టి అట్లాగే నిలబడేది. ఒకసారి తల తిరిగి, తెర ముందు కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూసింది. తుపాకీ పేలినప్పుడల్లా భుజం ఎగిరిపడేది.

"పెద్దమ్మా, కాల్చినవ్ గానీ ట్యూబ్‌లైటును కాల్చినవ్."

"వెలుతురు మీద పురుగులు వస్తాయి కదురా."

"ఈ పురుగులు వేరే పెద్దమ్మా. ఇవి వెలుతురుకు రావు, నీకోసం వస్తయి."

పిండి కలిపినట్టు రెండు చేతులూ రెండు పనులు చేయాలి, మనసు అక్కడ పెట్టకూడదు అని ఆమెకు తట్టాక కొంచెం సులువైంది. పురుగులను చంపడం మాత్రం అలవాటు కాలేదు. పక్కకు తప్పుకుని పోయేది. పున్నయ్య కూర్చున్న కుర్చీ, పున్నయ్య వేళ్ళకు అక్షరాలు చెరిగిపోయిన మీటలు. ముందుకు నడిచే మీట మీద అక్షరం అసలే లేదు. తన వేలు దాని మీద పెట్టినప్పుడు నునుపు తగిలేది. రోజూ మొదట అక్కడే కాసేపు వేలు ఉంచేది.

ఒక సాయంత్రం ఆయన రాకముందే వెళ్ళి ప్లైవుడ్డుకు ఇటుపక్క కూర్చుంది. వెంకటప్పయ్య వచ్చి అటుపక్క కూర్చున్నాడు. హీరాలాల్ పిల్లలను టీకి తోలేసి, ఆయనతో చెప్పాడు.

"పెద్దనాయినా, ఇయ్యాల ఇంకొకరు ఆడతరట నీతోని. కొత్త మనిషి, జర చూసుకో."

"ఎవరు?"

"కొత్తగా నేర్చుకుంటున్నరు."

సొరంగం మొదలైంది. సుబ్బరత్నం తెర మీద ముందు ఎర్రటి గోడ, తరువాత ఇంకో తుపాకీ పట్టుకున్న మనిషి కనిపించాడు. ఆ మనిషి లైటు పైకి ఎత్తి కప్పు చూశాడు. అది చూసి ఆమెకు చేతులు ఆడలేదు. నడవబోయి గోడకు గుద్దుకుంది.

ప్లైవుడ్డు అవతల నుంచి ఆయన గొంతు వచ్చింది. "బాబూ, గోడ మీద పడుతున్నావు. ఎడమకి తిరుగు."

ఇన్ని నెలలకు ఆ గొంతు తన కోసం పలికింది, ఆడేది తనేనని తెలియకపోయినా. ఆమె పలకలేదు. ఎడమకి తిరిగింది.

"అట్లా. నా వెనకే రా, పక్కకు పోకు. కప్పు చూసుకుంటూ రా."

ఆమె కళ్ళకు నీళ్ళు అడ్డం పడ్డాయి. తెరంతా చెదిరిపోయి, దారి కనపడక ఒక గుంటలో పడింది. పైనుంచి ఆయన లైటు అటూఇటూ వెతకడం కనిపించింది.

"ఏడున్నావు? పడిపోయావా? ఆగు, వస్తున్నా. కదలకు, నేను వస్తున్నా."

ఆయన దారి వెతుక్కుని, మెట్లు దిగి, గుంటలోకి వచ్చాడు. ఆమెను ముందు పెట్టుకుని, తాను వెనక కాపు కాస్తూ పైకి తెచ్చాడు. తరువాత ఎక్కడా ఆమెకు రెండడుగుల దూరం దాటి పోలేదు. దారిలో ఆమె మళ్ళీ ఒక ట్యూబ్‌లైటును కాల్చింది. లిఫ్టు వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి ఇటు తిరిగాడు. సుబ్బరత్నం గడప దగ్గర ఆగింది. ఆయన తెర మీద పసుపు టోపీ మనిషి రోజూ ఆగే చోటే ఆగింది.

"ఎక్కు బాబూ."

ఆమె ఎక్కలేదు. ప్లైవుడ్డు అవతల కుర్చీ కిర్రుమంది. ఆయన గొంతు సన్నబడింది.

"నువ్వు కూడా రావా?"

సుబ్బరత్నం చేతులు మీటల మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏవండీ. ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. మీరు రావాలనుకోక కాదని నాకు అప్పుడూ తెలుసు. తెలిసీ అన్నాను."

రోడ్డు మీద మణుగూరు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. హీరాలాల్ తలుపు దగ్గర గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తెర మీద దూరంగా ఏదో పురుగు కూత వేసింది. ఆమెకు అది వినపడలేదు.

"రత్నం" అన్నాడు ఆయన.

ఆమె ప్లైవుడ్డు వైపు తిరిగింది.

"ఉన్నా."

"ముందు ఎక్కు. వెనక అదొస్తంది."

ఆమె తడుముకుంటూ వేలు ఆ నునుపు మీట మీద పెట్టింది. గడప దాటింది. ఆయన బటన్ నొక్కాడు. చీకటి గోడలు కిందికి జారిపోతుంటే ఇద్దరూ పైకి వెళ్ళారు. పైన ఆకాశం ఉంది, ఇసుక ఉంది, రెండు చందమామలు ఉన్నాయి. అక్కడ ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు. ఆయన లేచి ప్లైవుడ్డు చుట్టూ తిరిగి వచ్చి, కొడుకు కుర్చీలో కూర్చున్న భార్యను చూశాడు. గళ్ళ గుడ్డ ఆమె ఒళ్ళో ఉంది.

"ట్యూబ్‌లైటు కాల్చింది నువ్వేనా?" అన్నాడు.

"పురుగులొస్తాయని."

ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ఆ గుడ్డ అంచు వేళ్ళతో పట్టుకున్నాడు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. దస్రు దీపం జాగా ఖాళీగా ఉండటం, తాను సైకిలు దాకా వెళ్ళి వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళి మళ్ళీ రావడం. "వాడికీ ఒక అమ్మ ఉంది కదా అనుకున్నా రత్నం" అన్నాడు. ఆమె వింటూ ఊ కొట్టింది. పిల్లలు టీ తాగి వచ్చి, లోపలికి చూసి, మళ్ళీ మెట్లు దిగిపోయారు.

వెళ్ళేటప్పుడు సుబ్బరత్నం రెండో కంప్యూటరు మీద గుడ్డ కప్పి అంచులు సర్దింది. మెట్లు దిగాక వెంకటప్పయ్య కిందే ఆగాడు.

"పదండి, చలిగా ఉంది."

"హీరాలాల్ ఇంకా పైనే ఉన్నాడు."

"పొండ్రి పెద్దనాయినా, నేను తాళమేసి వస్త" అని పైనుంచి కేకేశాడు హీరాలాల్.

"నువ్వు వెయ్యి. మేం ఉంటాం. ఇవాళ మా ఇంట్లో అన్నం తిని పోదువు."

సుబ్బరత్నం కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఆయన పక్కన నిలబడింది. పైన లైట్లు ఒకటొకటిగా ఆరాయి. తాళం పడిన చప్పుడు, మెట్ల మీద హీరాలాల్ చెప్పుల చప్పుడు వినపడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.